బాంజ్ చెట్టు ఉన్నచోటే దిగండి: మా అల్మోరా, బిన్సర్ ప్రయాణం

"ఓక్ అడవి నడుమ కాటేజీ" అని రాసి ఉంటే నమ్మి, ఉత్తరాఖండ్‌లోని అల్మోరా దగ్గర రెండు రాత్రులకు 9,600 ముందే కట్టేశాం. వెళ్లి చూస్తే ఓక్ చెట్టు ఒక్కటీ లేదు, చుట్టూ అన్నీ చీడ్ పైన్ చెట్లే. పొద్దున ఆరింటికే నల్లా బంద్. అడిగితే ట్యాంకర్ రావాలన్నారు, అది పదకొండింటికి వచ్చింది. వేడినీళ్ల బకెట్‌కి 50 రూపాయలు అదనం. "మా పాలమూరుల బోర్లు ఎండినయంటే సరే, ఇంత పెద్ద కొండల్ల గూడ ట్యాంకరేనా?" అంది అత్తమ్మ. రెండో రాత్రి డబ్బు వాపసు ఇవ్వమంటే కుదరదన్నారు. మా ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

ట్యాక్సీ మాత్రం మంచిది దొరికింది. కాఠ్‌గోదాం రైల్వే స్టేషన్ నుంచి 3,200 తీసుకున్నాడు. ఆ డ్రైవరే మమ్మల్ని బిన్సర్ అభయారణ్యం లోపల ఓ పల్లెలో తెలిసినవాళ్లింటికి పంపాడు. మనిషికి 1,500, పాపకు 750, మూడు పూటలా తిండి అందులోనే. కారు దిగాక నలభై నిమిషాలు నడవాలి. అత్తమ్మ మోకాళ్ల సంగతి తలుచుకుని టెన్షన్ పడ్డాం కానీ, ఎండలోంచి బాంజ్ చెట్ల నీడలోకి రాగానే ఆవిడ మాకంటే ముందు నడిచింది.

బాంజ్ అంటే అక్కడి ఓక్. ఆకు పైన ముదురు ఆకుపచ్చ, తిరగేస్తే తెల్లటి నూగు. గాలి వీస్తే కొండ కొండంతా వెండి రంగులోకి తిరుగుతుంది. కొమ్మల నిండా నాచు, కింద ఆకులు మురిగి మెత్తబడిన నల్లమట్టి. వాననీళ్లు ఆ మట్టిలో ఇంకి, మెల్లగా దిగువన ఊటగా వస్తాయి. ఇంటి దీదీ మమ్మల్ని నౌలా దగ్గరికి తీసుకెళ్లింది, రాతిమెట్లు కట్టిన చిన్న ఊటబావి. ఏప్రిల్ నెలాఖరులో కూడా నిండుగా ఉంది. అత్తమ్మ దోసిలి పట్టి ఎంతసేపు తాగిందో.

ఆకు పశువులకు మేత, రాలిన ఆకు కొట్టంలో పరుపు, తర్వాత అదే పొలానికి ఎరువు, కర్ర నాగలికి, పనిముట్ల పిడులకు. దీదీ ఇవన్నీ చెబుతుంటే ఎదుటి కొండ మీద పొగ కనిపించింది, అది పైన్ అడవి. జిగురు కోసం, రైలు స్లీపర్ల కోసం బ్రిటిష్ వాళ్లు పైన్‌ను బాగా పెంచారు. రాలిన దాని సూదుల్లాంటి ఆకుల్ని పిరూల్ అంటారు, ఎండాకాలంలో నిప్పురవ్వ పడితే చాలు, అంటుకుంటుంది. 2024 జూన్‌లో ఈ బిన్సర్‌లోనే కార్చిచ్చు ఆర్పడానికి వెళ్లిన అటవీ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. 1980లో చమోలీ జిల్లా డూంగ్రీ పైంతోలీ ఆడవాళ్లు అడవి కొట్టేయడానికి ఒప్పుకున్న సొంత ఊరి మగవాళ్లకే ఎదురు తిరిగి బాంజ్ అడవిని నిలబెట్టుకున్నారంటే, రోజూ నీళ్లు, గడ్డి మోసేది వాళ్లే కదా మరి.

రాత్రి మడువా రొట్టె, నల్ల భట్ గింజల కూర. మడువా అంటే మన తైదలే! అత్తమ్మ మూడు రొట్టెలు తిని, వంటింట్లోకి వెళ్లి దీదీ పక్కన కూర్చుంది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

బుక్ చేసే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తప్పకుండా అడగండి, ఇంటి ముందున్న చెట్టు ఫొటో పంపమనండి. నగదు, టార్చి దగ్గర ఉంచుకోండి. బిన్సర్‌లో మంచు కొండలు కనిపించే జీరో పాయింట్‌కి సూర్యోదయానికే చేరండి, మాకు నందాదేవి, త్రిశూల్ స్పష్టంగా కనిపించాయి. బాంజ్ కాయలు ఏరకండి. మా పాప జేబునిండా నింపుకుంటే, అవి కొండముచ్చులవి, పిట్టలవి అని దీదీ మళ్లీ చెట్టు కిందే పోయించింది.

ఒక్క రాత్రికని వెళ్లి మూడు రాత్రులున్నాం, రాత్రికి 5,250 చొప్పున మొత్తం 15,750. నైనీతాల్ వెళ్లనేలేదు, వద్దన్నది మా ఆయనే.