ఇష్యూలా, ట్రేడా, ఆమ్నిబస్సా, ట్యాబా? జట్టుగా చదివే కామిక్స్‌కు ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కామిక్స్ జట్లు తిరిగి తిరిగి అడిగే ప్రశ్న ఒకటే. “మేం నలుగురం ఉండాం. తలా కొంత వేసుకుని కొంటాం, చదివి ఆదివారం కూర్చుని మాట్లాడుకుంటాం. ఇష్యూలు తెప్పించుకునేదా, ట్రేడ్‌లు కొనేదా, లావు ఆమ్నిబస్ ఒకటి తీసుకునేదా, ట్యాబ్‌లో చదివేసేదా? ఏది మేలబ్బా?” ఇష్యూ అంటే నెలనెలా వచ్చే పల్చటి భాగం, ట్రేడ్ అంటే ఐదారు ఇష్యూలు కలిపిన పేపర్‌బ్యాక్, ఆమ్నిబస్ అంటే చాలా ఇష్యూలు చేర్చిన లావు పుస్తకం. ఒంటరిగా చదివేవాళ్లకు చెప్పే జవాబు జట్టుకు పనికిరాదు. ఇక్కడ రాసేదంతా జట్టు కోసమే.

ముందు సింగిల్ ఇష్యూల సంగతి. 32 పేజీల పల్చటి పుస్తకం. అందులో కథ 20 నుంచి 22 పేజీలు, మిగిలినవి ప్రకటనలు. తీరిగ్గా చదివినా పావుగంటలో అయిపోతుంది. ఆ పావుగంట కథ పెట్టుకుని రెండు గంటలు మాట్లాడుకోవడం కష్టం. అయితే ఇష్యూలకు ఒక బలం ఉంది, అది ఎదురుచూపు. వారపత్రికలో సీరియల్ చదివిన ఇళ్లలో వాళ్లకు అదేమిటో చెప్పనక్కర్లేదు. నెలరోజులు “ఇప్పుడేమవుతుంది” అని వాదించుకోవచ్చు. ‘సాగా’ లాంటి ఇండీ, అంటే పెద్ద సూపర్‌హీరో కంపెనీలవి కాని, సీరీస్‌లో చివర పాఠకుల ఉత్తరాల పేజీలు ఉంటాయి. ట్రేడ్‌లో అవి రావు, ఆ మేరకు నష్టమే.

ఖర్చు చూస్తే ఇష్యూలు ఓడిపోతాయి. 2012లో ‘సాగా’ మొదలైనప్పుడు ఇష్యూ వెల 2.99 డాలర్లు. మొదటి ఆరు కొంటే 17.94. అవే ఆరు కలిపి అదే సంవత్సరం వచ్చిన మొదటి ట్రేడ్ 9.99. ఇవాళ చాలా ఇష్యూలు 3.99, 4.99 డాలర్ల దగ్గర ఉన్నాయి. పైగా మనకు పార్సిల్ ఖర్చు అదనం. ట్రంకు రోడ్డు షాపుల్లో నెలనెలా దొరికే సరుకు కాదిది. కాగితం కవర్లో వచ్చిన ఇష్యూ మూలలు నలిగి వస్తుంది. తెప్పించుకుంటే నాలుగైదు ఒకేసారి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమని అడిగి తెప్పించుకోవాలి.

కొందరు ఇష్యూలన్నీ చేర్చి, పాత సీరియళ్లు కుట్టించినట్టు, ఊళ్లో బైండింగ్ చేయిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్క కుట్టు వేస్తే లోపలి అంచున అర అంగుళం పోతుంది. ఆపైన మిషన్ మీద మూడు వైపులా కత్తిరిస్తారు. నవలకు మార్జిన్ ఉంటుంది కాబట్టి నష్టం లేదు. కామిక్‌లో బొమ్మ అంచుదాకా ఉంటుంది, మాటల బుడగ సగం తెగిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నా లెక్కలో ఏది మేలో తేల్చేది ధర కాదు, దొరకడం కాదు. పేజీ తిప్పడం. అచ్చు కామిక్‌లో సరి సంఖ్య పేజీలు ఎడమ చేతి వైపు వస్తాయి. కాగితం తిప్పేదాకా అవి కనపడవు. అందుకే తెలిసిన రచయిత ఉత్కంఠను కుడి పేజీ అడుగున ఆపి, దెబ్బను తర్వాతి ఎడమ పేజీలో పెడతాడు. రెండు పేజీల నిండా పరిచిన బొమ్మ కూడా ఎడమ పేజీలోనే మొదలవ్వాలి. ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలను కన్ను ముందు ఒక్కసారిగా చూస్తుంది, ఆ తర్వాతే గడి గడీ, అంటే బొమ్మ తర్వాత బొమ్మ, చదువుతుంది. ఈ రెండు చూపులూ కలిస్తేనే కామిక్. ఇది పోయాక జట్టు మాట్లాడుకునేది కథ గురించే, కామిక్ గురించి కాదు.

‘వాచ్‌మెన్’ ఐదో అధ్యాయం తీసుకోండి. 28 పేజీలు. మొదటి పేజీలో గడుల అమరిక చివరి పేజీకి అద్దంలో బింబం. రెండోది ఇరవై ఏడోదానికి, మూడోది ఇరవై ఆరోదానికి. అట్లా లోపలికి వస్తూ 14, 15 పేజీలు ఎదురెదురుగా ఒకే బొమ్మలా నిలబడతాయి. చేతిలో పుస్తకం ఉంటే ఒకరు మొదటి పేజీ, పక్కనున్నవాళ్లు చివరి పేజీ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పటిదాకా ఎవరికీ తట్టనిది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఫోన్‌లో గడి తర్వాత గడి చూపించే పద్ధతిలో చదివినవాళ్లకు ఆ అధ్యాయంలో ఏముందో ఎంత చెప్పినా అందదు.

దీన్నిబట్టి డిజిటల్‌ను ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. అమెరికన్ కామిక్ పేజీ వెడల్పు 6.6 అంగుళాలు కాస్త అటూ ఇటూ, ఎత్తు 10 అంగుళాల పైమాట. 11 అంగుళాల ట్యాబ్‌లో ఒక్క పేజీ బాగానే కనిపిస్తుంది. రెండు పేజీల బొమ్మ కోసం అడ్డంగా తిప్పితే అసలు సైజులో సుమారు 60 శాతానికి కుదించుకుపోతుంది. ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. అయినా డిజిటల్‌కు ఒక మంచి ఉపయోగం ఉంది, అది ఎంపిక. మార్వెల్ కంపెనీ చందా యాప్ మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో 30,000 పైగా ఇష్యూలు ఉన్నాయి. కొత్తవి అచ్చయిన సుమారు మూడు నెలలకు చేరతాయి. జట్టులో ఒకరు చందా కట్టి, మొదటి ఇష్యూలు నాలుగైదు చదివి, ఏది కొనదగ్గదో చెబితే వృథా కొనుగోళ్లు ఉండవు. చర్చ రోజున మాత్రం ట్యాబ్ పక్కన పెట్టాలి.

ట్రేడ్ పేపర్‌బ్యాక్ దగ్గర అన్నీ కుదురుతాయి. ఐదారు ఇష్యూలు, 120 నుంచి 150 పేజీలు, కథలో ఒక మలుపు దాకా. చదవడానికి గంటన్నర, మాట్లాడుకోవడానికి రెండు గంటలు. ప్రకటనలు ఉండవు కాబట్టి పేజీల వరస రచయిత అనుకున్నట్టే ఉంటుంది. చేతులు మారినా తట్టుకుంటుంది. నలుగురికి ఒకటి చాలదు, రెండు కొనండి. పదిహేను రోజుల గడువైతే మొదటి ఐదు రోజులు ఇద్దరికి, తర్వాత ఐదు మిగతా ఇద్దరికి, చివరి ఐదు మళ్లీ చూసుకోవడానికి. రెండోసారి చదివేటప్పుడు కాగితపు చీటీలు పెట్టుకోండి. పెన్సిల్‌తో గీస్తే నున్నటి కాగితం మీద మచ్చ పడుతుంది.

రెండు కాపీలూ ఒకే ముద్రణ కావాలి. దీన్ని తేలిగ్గా తీసుకున్న జట్లు చర్చంతా పొరపాటున వాదించుకుంటాయి. 1988లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ కథ ‘కిల్లింగ్ జోక్’కు రంగులు జాన్ హిగ్గిన్స్ వేశాడు. అవి ముదురు నారింజ, పసుపు, ఊదా రంగులు. 2008లో బొమ్మలు గీసిన బ్రయన్ బోలండే మళ్లీ తన చేత్తో చల్లటి, వెలిసిన రంగులు వేశాడు. పాతది ఒకరి దగ్గర, కొత్తది ఒకరి దగ్గర ఉంటే ఇద్దరూ వేరువేరు పుస్తకాలు చదివినట్టే. ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’కు కూడా ఇష్యూల్లో రంగులు వేరు, పుస్తకంగా వేసినప్పుడు రిచ్‌మండ్ లూయిస్ మళ్లీ వేసిన రంగులు వేరు. రివ్యూలు రాసేవాళ్లు ఏ ముద్రణ చదివారో మొదటి వాక్యంలోనే చెప్పడం మంచిది. రంగులు వేసినవాళ్ల పేరు, అక్షరాలు రాసినవాళ్ల పేరు కూడా. రచయిత పేరొక్కటి చెప్పి వదిలేసిన రివ్యూ సగం రివ్యూనే.

ఆమ్నిబస్ మీద చాలామందికి మోజు ఉంది, కాదనను. దారపు కుట్టు ఉన్నది బల్ల మీద పరిస్తే పూర్తిగా విచ్చుకుంటుంది, మధ్య మడత బొమ్మను మింగేయదు. కానీ వెయ్యి పేజీల నున్నటి కాగితం మూడు కిలోల దాకా తూగుతుంది. బండి మీద నెల్లూరులో వేదాయపాలెం నుంచి మాగుంట లేఅవుట్‌కు తీసుకుపోయి తీసుకొచ్చే వస్తువు కాదు. ఒకరి ఇంట్లోనే ఉండిపోతుంది, ఆ ఒకరే చదువుతారు. జట్టు డబ్బులతో మాత్రం వద్దు. ‘బోన్’ లాంటి నలుపు తెలుపు కథ మొత్తం ఒకే పుస్తకంగా 1,300 పేజీల పైన దొరుకుతుంది. అది పేపర్‌బ్యాక్. ఒళ్లో పెట్టుకుని చదివితే మధ్య పేజీల దగ్గర వెన్ను విరుగుతుంది. బల్ల మీద పెట్టి చదవాలి.

2024లో బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ కంపెనీ మొదలుపెట్టిన కాంపాక్ట్ పుస్తకాలు 9.99 డాలర్లు, సైజు ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. ‘వాచ్‌మెన్’ కూడా అందులో ఉంది. అసలు పేజీ పొడవు, వెడల్పుల్లో ఆరో వంతు తగ్గుతుంది, అక్షరం కూడా అంతే. తొమ్మిది గడుల పేజీలో ఇది కళ్లకు శ్రమ. చత్వారం వచ్చినవాళ్లు జట్టులో ఉంటే కొనకండి. రెండో కాపీగా అయితే ఫరవాలేదు. నలుపు తెలుపు జిరాక్సులు, ఎక్కడెక్కడి నుంచో దింపుకున్న స్కాన్లు నేను లెక్కలోకే తీసుకోను.

ట్రేడ్ అని తేలాక, సూపర్‌హీరోనా ఇండీనా అన్నది మరో మెలిక. ఇండీలో చిక్కు తక్కువ. 1992లో చిత్రకారులు పెట్టుకున్న ఇమేజ్ కామిక్స్ నుంచి వచ్చేవాటిలో హక్కులు సృష్టికర్తలవే కాబట్టి ఎక్కువగా అదే రచయిత, అదే చిత్రకారులు, ఒకటి నుంచి చివరిదాకా ఒకే వరస. వాల్యూమ్ 1 అంటే నిజంగా మొదటిదే. ఎదురుదెబ్బ ఒకటుంది, ఆగిపోవడం. ‘సాగా’ 2018లో 54వ ఇష్యూ దగ్గర ఆగి, 55వది 2022 జనవరిలో వచ్చింది. మధ్యలో ఆగితే తట్టుకోలేని జట్టు ముగిసిన సీరీస్‌నే ఎంచుకోవాలి.

సూపర్‌హీరోల్లో “వాల్యూమ్ 1” చూసి కొంటే మోసపోతారు. ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 1963లో మొదలై 1999, 2014, 2015, 2018, 2022, 2025లో మళ్లీ మళ్లీ ఒకటో నంబరుతో వచ్చింది. ప్రతిసారికీ ఒక మొదటి ట్రేడ్ ఉంటుంది. అట్ట మీద నంబరు కాదు, వెనక అట్ట మీదో లోపలి వివరాల పేజీలోనో ఏ సంవత్సరపు ఏ ఇష్యూలు చేర్చారో రాసి ఉంటుంది, అది చదవాలి. రెండు మూడు సీరీస్‌ల నంబర్లు కలిసి కనబడితే అది క్రాసోవర్. కథలో ముక్క పక్క పుస్తకంలో జరిగి ఉంటుంది, జట్టుకు వద్దు.

సూపర్‌హీరో కావాలంటే తనలో తానే మొదలై ముగిసేవి తీసుకోండి. ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ 12 ఇష్యూలు. ‘విజన్’, టామ్ కింగ్ రాసింది, 12 ఇష్యూలు, రెండు ట్రేడ్‌లు. ‘ఇయర్ వన్’ 1987లో బ్యాట్‌మ్యాన్ 404 నుంచి 407 దాకా నాలుగే ఇష్యూలు. కొత్త జట్టుకు నేను మొదట చేతిలో పెట్టేది ఇదే. ఒక్క కూర్పుతో అయిపోతుంది, వెనకటి కథ తెలియాల్సిన పనిలేదు, మజుకెల్లి గీసిన గడుల మధ్య కాలం ఎట్లా నడుస్తుందో మాట్లాడుకోవడానికి సరిపడా ఉంది. మన దేశపు ఇండీలో ‘భీమాయన’ చూడండి. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గడులు లేకుండా గీశారు. గడుల కామిక్స్ నాలుగు చదివాక అది తెరిస్తే చర్చ తీరే మారిపోతుంది.

మనవైపు కొన్నాక చూసుకోవాల్సింది వాన, ఉప్పుగాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గాలిలో తేమ ఎక్కువ. ట్రేడ్ వెన్ను జిగురుది కాబట్టి కొత్తది ఒక్కసారిగా మధ్యకు విరిచి తెరవకండి. వెన్ను బల్ల మీద ఆనించి, ముందు రెండు అట్టలు పడవేసి, అటు పది పేజీలు, ఇటు పది పేజీలు వేలితో వెన్ను దగ్గర మెల్లగా నొక్కుతూ మధ్యకు రావాలి. ఇష్యూలకైతే పిన్నులు తుప్పు పట్టి ఆ మరక కాగితంలోకి దిగుతుంది. ప్లాస్టిక్ సంచి మూతి టేపుతో బిగించేస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. మడిచి వదిలేయండి, రంగు మారే రకం సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి, మారగానే కొత్తది వేయండి. అలమర గోడకు రెండు మూడు అంగుళాలు ఎడంగా ఉండాలి. రామబాణం పురుగు జిగురు కోసం వస్తుంది. కలరా ఉండలు వేస్తే ఆ వాసన కాగితానికి పట్టి వదలదు. నెలకోసారి అన్నీ దించి దులిపితే చాలు.

పుస్తకం తడిస్తే ఎండలో పెట్టకండి, వంకర పోతుంది. నున్నటి కాగితం ఆరేటప్పుడు పేజీకి పేజీ అంటుకుని, విడదీస్తే రంగు ఊడి వస్తుంది. ఆరకముందే పేజీల మధ్య బటర్ పేపర్ ముక్కలు పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, గంటకోసారి ముక్కలు మార్చాలి. అంటుకుపోయిన తర్వాత చేయగలిగింది లేదు.