డేకేర్ సంచిలో వేడన్నం: 300 మి.లీ. స్టీల్ ఫుడ్ జార్ ఎంతవరకు పనికొస్తుంది

పొద్దున ఏడున్నరకు మూతపెట్టిన పప్పన్నాన్ని డేకేర్‌లో ఆయమ్మ పన్నెండింటికి తీస్తుంది. అంటే నాలుగున్నర గంటలు. చల్లారి గట్టిపడ్డ అన్నం ఏడాదిన్నర పిల్లలకి పెడితే రెండు ముద్దలకే మూతి తిప్పేస్తారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు అవి పెరగలేవు. గోరువెచ్చగా ఉంటే మాత్రం త్వరగా పెరిగి విషం వదులుతాయి. తర్వాత మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి జార్ కొనడం మంచిదే. కానీ గోరువెచ్చటి అన్నం అందులో పెడితే మామూలు స్టీల్ డబ్బా కన్నా ఒరిగేదేమీ లేదు.

కొనేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది పేరు దగ్గరే. లోపల స్టీల్ గిన్నె, బయట ప్లాస్టిక్, మధ్యలో ఫోమ్ ఉన్నదాన్నీ 'ఇన్సులేటెడ్' అనే అమ్ముతారు. అది ఆఫీసు లంచ్‌కి సరిపోవచ్చు గానీ చిన్నపిల్లల కొద్దిపాటి అన్నాన్ని నాలుగు గంటలు కాపాడలేదు. 'వాక్యూమ్' (రెండు స్టీల్ గోడల మధ్య గాలి తీసేసినది) అన్న మాట ఉండాలి, లోపలా బయటా స్టీలే ఉండాలి, ఐఎస్ఐ మార్కు ఉండాలి. ఈ వయసుకి 300 మి.లీ. చాలు. 500 కొంటే సగం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ వల్ల అన్నం త్వరగా చల్లారుతుంది. మూతి మాత్రం వెడల్పుగా ఉండాలి, గరిటె తేలిగ్గా దిగాలి. సన్నమూతి జార్‌లో అడుగున ఉన్న ముద్ద కదలదు, కడిగేటప్పుడు చెయ్యి దూరదు.

తెచ్చిన రోజే పరీక్ష చేయండి. మరిగే నీళ్లు మెడదాకా పోసి, మూత బిగించి, పది నిమిషాల తర్వాత పక్కల, అడుగున తాకి చూడండి. మెడ దగ్గర కొంచెం వెచ్చగా ఉండటం మామూలే. పక్కలు వేడెక్కితే వాక్యూమ్ పోయినట్టే, వెంటనే వెనక్కి ఇచ్చేయండి. కిందపడి సొట్టపోయిన పాత జార్‌కీ ఇదే పరీక్ష. వంటింటి థర్మామీటర్ ఉంటే నాలుగున్నర గంటల తర్వాత ఆ నీళ్లు చూడండి. 70 డిగ్రీల దగ్గర ఉంటే నిశ్చింత. నీళ్లే 60కి దిగిపోతే అన్నానికి ఆ జార్ పనికిరాదు, ఎందుకంటే అన్నం మరిగే నీళ్లంత వేడిగా లోపలికి వెళ్లదు.

ఇక రోజూ చేయాల్సింది. ముందు జార్‌లో మరిగే నీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. హడావుడిలో చాలామంది వదిలేసేది ఇదే. చల్లటి స్టీల్ అన్నంలోని వేడిని లాగేసుకుంటుంది, ఆ తర్వాత జార్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. ఆలోపు అరకప్పు మెత్తటి అన్నం, పావుకప్పు ఉడికిన పెసరపప్పు, అరచెంచా నెయ్యి, పావుకప్పు మరిగే నీళ్లు కలిపి పొయ్యిమీద తుకతుకమనేదాకా ఉంచండి. చూడ్డానికి మరీ జారుగా అనిపించాలి. అన్నం జార్‌లో కూడా నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, పన్నెండింటికి సరిగ్గా ముద్దకొచ్చే పదునులో ఉంటుంది. జార్‌లో నీళ్లు వంపేసి, పొయ్యిమీంచి నేరుగా అందులోకి మెడదాకా నింపి మూత బిగించేయండి.

కిచిడీ, రవ్వ జావ, కూరగాయల సూప్ బాగుంటాయి. ఇడ్లీ, దోసె, చపాతీ పెట్టకండి, ఆవిరికి నాని ముద్దైపోతాయి. పెరుగన్నం అసలే వద్దు. పాలు పోసి తోడేసిన అన్నం మామూలు డబ్బాలో మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది గానీ, ఈ జార్‌లో వెచ్చదనం తగ్గక పుల్లబడిపోతుంది.

ఆయమ్మకి రెండు మాటలు తప్పకుండా చెప్పాలి. జార్‌లోంచి నేరుగా తినిపించకూడదు. అన్నం ఇంకా నోరు కాలేంత వేడిగా ఉంటుంది, కంచంలో వేసి అడుగుదాకా కలిపి, చేత్తో చూశాకే పెట్టాలి. మిగిలింది సాయంత్రానికి దాచకూడదు, పారబోయాలి. మూత రాకపోతే లోపలి ఆవిరి చల్లబడి బిగుసుకున్నట్టు లెక్క. మూత నడుమ గాలి వదిలే బొత్తాం ఉన్న జార్ తీసుకుంటే ఈ బాధ ఉండదు.

కడగడంలో అసలు పని మూత కింది రబ్బరు రింగుది. దాని గాడిలో నెయ్యి, పప్పు చేరి రెండు రోజుల్లో ముక్క వాసన మొదలవుతుంది. చెంచా కాడతో రింగు పైకి లేపి (కత్తి వాడితే తెగుతుంది) రోజూ సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. జార్‌లో వాసన పట్టేస్తే వేడినీళ్లలో చెంచా వంటసోడా వేసి అరగంట ఉంచండి, మూత మాత్రం పెట్టకండి. బ్లీచింగ్, స్టీల్ పీచు వద్దు, మైక్రోవేవ్‌లో పెట్టనే కూడదు. రింగుకి పట్టిన పసుపు మరకని రుద్దక్కర్లేదు, ఎండలో పెడితే అదే వెలిసిపోతుంది. విడిగా రింగులు అమ్మే కంపెనీ జార్ అయితే ఒకటి అదనంగా కొని ఉంచుకోండి. రింగు సాగిందంటే రసం కారి సంచిలో డైపర్లూ బట్టలూ తడిసిపోతాయి.