త్రిభుజమా, సూత్రమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీదికి ట్యూషన్‌కి వచ్చే ప్లస్ టూ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ద్విపద విస్తరణ, అంటే (ఎక్స్ + 2) లాంటి రెండు పదాల మొత్తం ఘాతాన్ని విడదీసి రాయడం, రాగానే వాళ్లకు ఒకటే టెన్షన్: పాస్కల్ త్రిభుజం వేయాలా, కాంబినేషన్ (ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే) సూత్రం వాడాలా?

చిన్న ఘాతాలకైతే నేను త్రిభుజమే వేయమంటాను: ప్రతి వరుసకూ రెండు చివర్లా 1, మధ్యలో పై వరుసలోని పక్కపక్క సంఖ్యల మొత్తాలు. (ఎక్స్ + 2) నాలుగో ఘాతానికి వరుస 1, 4, 6, 4, 1. వీటిని వరుసగా 2 ఘాతాలైన 1, 2, 4, 8, 16తో గుణిస్తే గుణకాలు 1, 8, 24, 32, 16. ఎక్స్ బదులు 1 వేసి చూడండి: మొత్తం 81, అంటే 3 నాలుగో ఘాతం. అది సరిపోయినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! పాస్కల్ కంటే ఎంతో ముందే, 10వ శతాబ్దంలో, హలాయుధుడు ఛందస్సు లెక్కల కోసం దీన్నే మేరు ప్రస్తారంగా వివరించాడు. ఆ సంగతి చెప్పకుండా నేను పాఠం మొదలుపెట్టను.

అదే (ఎక్స్ + 2) పన్నెండో ఘాతంలో ఐదో పదం ఒక్కటే అడిగితే మాత్రం సూత్రమే దిక్కు. త్రిభుజంలో ఒక కూడిక తప్పితే ఆ తప్పు కింది వరుసలకూ పాకుతుంది. సూత్రంలో 12, 11, 10, 9ల లబ్ధాన్ని 4, 3, 2, 1ల లబ్ధమైన 24తో భాగిస్తే 495. దాన్ని 2 నాలుగో ఘాతమైన 16తో గుణిస్తే 7920, పక్కన ఎక్స్ ఎనిమిదో ఘాతం. ఐదో పదానికి ఆర్ (సూత్రంలో 2 మీద వచ్చే ఘాతం) విలువ 4, 5 కాదు. మా పిల్లలకు మార్కులు పోయేది ఇక్కడే.