పాత ఆటోమేటిక్ కారుతో ఐదేళ్లు: 2015 సిటీ సీవీటీ, 77 వేల కిలోమీటర్ల తర్వాత

ఎడమ మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ అయిన ఏడాది, ఇక క్లచ్ తొక్కే కారు వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. హనుమకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌లోని మా కాలేజీకి రానూపోనూ అరవై కిలోమీటర్లు. కొత్త ఆటోమేటిక్ కొనే స్తోమత అప్పుడు లేదు. ఉన్నది ఏడు లక్షలు, కొన్న తర్వాత వచ్చే మరమ్మతుల ఖర్చూ అందులోనే సర్దుకోవాలి. 2020 నవంబరు చివర్లో, 41 వేల కిలోమీటర్లు తిరిగిన 2015 హోండా సిటీ పెట్రోల్ సీవీటీని (సీవీటీ అంటే ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సు) 6 లక్షల 20 వేలకు కొన్నాను. ఇప్పుడు మీటరు 1,18,400 చూపిస్తోంది.

కొనే ముందు సలహా అడిగిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు: పాత ఆటోమేటిక్ వద్దు, గేర్‌బాక్సు పోతే కారు పోయినట్టే. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2013లో చైనాలో డీఎస్‌జీ గేర్‌బాక్సుల లోపం కారణంగా ఫోక్స్‌వ్యాగన్ 3,84,181 కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు కార్లు కొన్నవారి ఫిర్యాదుల విషయంలో నడుచుకున్న తీరు సరికాదని 2018లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఈ రెండూ రెండు క్లచ్‌లతో పనిచేసే గేర్‌బాక్సులు. అవి చదివాక నాకు అర్థమైనదేమిటంటే, ఆటోమేటిక్ అనే ఒక్క పేరు కింద మన బజారులో నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముతున్నారు. ఒకదాని జబ్బు ఇంకొకదానికి ఉండదు.

మన దగ్గర 2014లో సెలేరియోతో సామాన్యులకు అందిన ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను మన కాలికి బదులు ఒక యంత్రం నొక్కుతుంది. కాబట్టి అందులో అరిగేది క్లచ్ ప్లేటు. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజను శక్తి నూనె ద్వారా గేర్‌బాక్సుకు చేరుతుంది. పాతకాలపు పద్ధతే అయినా మొండిది. మూడోది పైన చెప్పిన రెండు క్లచ్‌ల రకం. నాలుగోది సీవీటీ. ఇందులో విడివిడి గేర్లు ఉండవు. శంకువుల్లాంటి రెండు పుల్లీలు, వాటి మధ్య వందల ఉక్కు ముక్కలు కూర్చిన బెల్టు ఉంటాయి. ఒక్కో పుల్లీలోని రెండు సగాలు దగ్గరకూ దూరంగా జరుగుతుంటే బెల్టు పైకీ కిందికీ జారి నిష్పత్తి మారుతుంది. ఉక్కు మీద ఉక్కు జారిపోకుండా పట్టి ఉంచేది నూనె, దాని ఒత్తిడి. ఇక్కడ నూనె పని అరుగుదల తగ్గించడం ఒక్కటే కాదు, పట్టు ఇవ్వడం కూడా. అది పాడైతే పట్టు సడలుతుంది, పట్టు సడలితే బెల్టు పుల్లీని గీకుతుంది. గీతలు పడిన సీవీటీని బాగుచేయడం కన్నా మార్చడమే దారి, అది లక్షల్లో మాట. నేను పాత సీవీటీ కోసం వెతుకుతున్నానంటే, ఎవరో ఒకరు వేళకు నూనె మార్చిన కారు కోసం వెతుకుతున్నానన్నమాట.

మొదట చూసింది ఒక చిన్న ఏఎంటీ కారు. ఉదయం ఏడింటికి వస్తానని ముందురోజు ఫోనులో చెప్పాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాను. చలికాలపు ఉదయం, రాత్రంతా బయట నిలిపిన కారు, రేకు మాత్రం గోరువెచ్చగా ఉంది. "ఇప్పుడే కడిగి పక్కకు తీశాను మేడమ్" అన్నాడు అమ్మే అతను. కడగడానికి ఇంజను వేడెక్కనక్కర్లేదు. గేర్‌బాక్సు లోపాల్లో కొన్ని చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే బయటపడతాయి. వాటిని దాచడానికే ముందుగా ఇంజను నడిపి ఉంచుతారు. అయినా ఒకసారి నడిపి చూశాను. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆపి మళ్లీ కదిలిస్తే కాలిన వాసన గుప్పుమంది. క్లచ్ ప్లేటు చివరి దశలో ఉంది. నమస్కారం చెప్పి వచ్చేశాను.

ఆ ఏడాది ఇంకొక భయం కూడా ఉండేది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్నో కాలనీలు మునిగాయి. నీళ్లలో నానిన కార్లు తుడుచుకుని బజారుకు వస్తాయని అందరికీ తెలుసు. అందుకే చూసిన ప్రతి కారులోనూ సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాను. పైన ఎంత శుభ్రం చేసినా చుట్ట లోపల మిగిలిన భాగంలో బురద గీత ఉండిపోతుంది. స్టెప్నీ తీసి దాని కింద గుంటలో, సీటు జరిపే పట్టాల మీద తుప్పు ఉందేమో చూశాను. ఒక మెరిసే తెల్ల కారులో బెల్టు చివర జానెడు మేర మట్టిరంగు కనిపించింది. రెండో మాట మాట్లాడలేదు.

సిటీ దొరికింది ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర, సికింద్రాబాదులో. మా తమ్ముడిని, ఒక మెకానిక్ అన్నను వెంట తీసుకుని వెళ్లాను. బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు ఉంచి, పార్కింగ్ నుంచి రివర్సుకు, అక్కడినుంచి ముందుకు నడిపే డి లోకి మార్చాను. ప్రతిసారీ సెకను లోపు మెత్తగా అందుకుంది. టైర్ల మీద 3215 అని ఉంది, అంటే 2015లో 32వ వారం తయారీ. కారుతో వచ్చిన టైర్లే, ఇంకా గాడి మిగిలి ఉంది. 41 వేల కిలోమీటర్ల మాటను మీటరు కన్నా ఎక్కువగా ఆ టైర్లే నమ్మించాయి. ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ 45 శాతం. అంటే అప్పటికి వరుసగా నాలుగేళ్లు ఒక్క క్లెయిమూ లేదు. ప్రమాద చరిత్ర తెలుసుకోవడానికి అమ్మేవారి మాట కన్నా ఈ ఒక్క అంకె మేలు. మెకానిక్ అన్న స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు ఏమీ లేవన్నాడు. కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చాలదు, వాటిని నిన్ననే చెరిపి ఉండవచ్చు. కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు పూర్తయ్యాయో లేదో కూడా చూడమన్నాను. అన్నీ పూర్తయి ఉన్నాయి.

కానీ రోడ్డు మీద ఒక సంగతి దొరికింది. యాక్సిలరేటర్‌ను తేలికగా ఆనించి పాతిక కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే సన్నని వణుకు. గతుకుల రోడ్డు మీద సైకిలు తొక్కినట్టు, రెండు సెకన్లు, అంతే. వేగం పెంచితే మాయం. సర్వీసు కాగితాలు తిరగేస్తే ఇంజను ఆయిల్ ప్రతిసారీ మారింది, గేర్‌బాక్సు నూనె ఒక్కసారీ మారలేదు. ఐదేళ్లలో 41 వేలే తిరిగింది కదా, ఇంకా అవసరం లేదనుకున్నానని ఆ పెద్దాయన దాపరికం లేకుండా చెప్పారు. ఈ సీవీటీకి ముందు కూడా ఒక టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అందులో ఇంజనునూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపే లాకప్ క్లచ్. నూనె పాతబడితే ఆ క్లచ్ సరిగా పట్టక ఇలాగే వణుకుతుంది. నూనెతో పోయే వణుకా, లోపలి అరుగుదలా అన్నది బయటినుంచి తేల్చలేం. అరగంట హైవే మీద తిప్పి, బాగా వేడెక్కాక మళ్లీ అవే పరీక్షలు చేశాం. వణుకు పెరగలేదు. పూర్తిగా తొక్కినప్పుడు ఇంజను ఊరికే అరిచి బండి కదలకపోవడం లేదు. వెనక్కి ఎత్తు ఎక్కించినా పట్టు తప్పలేదు. ఆ వణుకును చూపించి ధర ముప్పై వేలు తగ్గించమని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

కొన్న వారంలోనే నూనె మార్పించాను. పక్కన నిలబడి చూశాను. బోల్టు విప్పగానే, పొద్దున కాచి సాయంత్రం దాకా వదిలేసిన టీ డికాక్షన్ రంగులో కారింది. ఆ బోల్టు చివర ఒక అయస్కాంతం ఉంటుంది, లోపల అరిగిన ఇనుమంతా దానికి అంటుకుంటుంది. మెకానిక్ అన్న దాన్ని గుడ్డతో తుడవబోతుంటే ఆపి వేలితో తీసుకున్నాను. కాటుకలా నల్లగా, మెత్తగా ఉంది. రెండు వేళ్ల మధ్య ఎంత నలిపినా గరుకు తగల్లేదు. ముక్కలు తగిలి ఉంటే బెల్టో బేరింగో దెబ్బతిన్నట్టు. మెత్తటి ముద్ద మామూలు అరుగుదలే. ఆ రోజే నా గుండె కుదుటపడింది.

హోండా ఈ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అనే నూనె మాత్రమే పోయమంటుంది. దగ్గరలో దొరికిందని మామూలు ఆటోమేటిక్ నూనె పోయించవద్దు. ఒకసారి విప్పితే దిగేది మూడున్నర లీటర్ల దాకా, మిగతాది లోపలే ఉండిపోతుంది. అందుకని 44 వేల దగ్గర రెండోసారి మార్పించాను. వణుకు మొదటి మార్పుతో సగం తగ్గింది, రెండో దానితో పూర్తిగా పోయింది, మళ్లీ రాలేదు. తర్వాత 82 వేల దగ్గర మరోసారి. ఒక్కోసారి నాకు ఐదారు వేలు అయింది.

ఇక నడపడం సంగతి. కాజీపేట చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్న రోజున ఈ కారు విలువ తెలుస్తుంది. ఎడమ కాలికి పనే లేదు. కదలిక జారినట్టు ఉంటుంది, కుదుపు ఉండదు. 119 పీఎస్ శక్తి ఇంజనుకు ఉన్నా హైవే మీద లారీని దాటడానికి ఒక్కసారిగా తొక్కితే ముందు శబ్దం వస్తుంది, తర్వాత వేగం వస్తుంది. అది సీవీటీ స్వభావం. మొదటి నెల విసుగనిపించింది. పూర్తిగా తొక్కకుండా సగం తొక్కి ఒక క్షణం ఆగితే సాఫీగా వేగం పుంజుకుంటుందని తర్వాత కాలికి అలవాటైంది. హుషారుగా నడపడం ఇష్టమైనవారికి ఇది నచ్చదు, అది ముందే చెప్పడం న్యాయం.

మైలేజీ కంపెనీ లెక్కలో 18. నాకు ఊళ్లో పదకొండు, హైవే మీద ఎనభై తొంభై మధ్య నడిపితే పదహారు. తిరుమలకు మూడుసార్లు వెళ్లాం. ఘాట్ దిగేటప్పుడు డి లో వదిలేసి బ్రేకుల మీదే భారం వేయకూడదు. ఎస్ (స్పోర్ట్) లో పెట్టి, స్టీరింగ్ వెనకున్న మీటతో నిష్పత్తి తగ్గించుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మొదటిసారి అది తెలియక దిగాను, కిందికి వచ్చేసరికి బ్రేకుల వాసన. తర్వాతి రెండుసార్లూ ఆ ఇబ్బంది లేదు.

నడపడంలో రెండు అలవాట్లు కచ్చితంగా పాటిస్తాను. బండి పూర్తిగా ఆగితే తప్ప డి నుంచి రివర్సుకు మార్చను. వాలులో నిలిపేటప్పుడు ముందు న్యూట్రల్, తర్వాత హ్యాండ్ బ్రేక్, కాలు వదిలి బరువంతా దాని మీద పడ్డాక పార్కింగ్. లేకపోతే కారు బరువంతా గేర్‌బాక్సులోని చిన్న కొక్కెం మీద వేలాడుతుంది.

2022 జూన్‌లో కాలేజీ ముందు బ్యాటరీ చచ్చిపోయింది. అటెండరు నలుగురు పిల్లలను పోగేశాడు. "తోస్తే స్టార్ట్ అవుతుంది మేడమ్, మీరు కూర్చోండి" అన్నాడు. ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ కాదని చెబితే నమ్మలేదు. ఇంతలో దారిన పోయే ట్రాక్టరు ఆగింది. "తాడు కట్టి ఊళ్లోకి లాక్కెళ్తా మేడమ్" అన్నాడు డ్రైవరు. మనసు మంచిదే, కానీ ఇంజను ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్సులో నూనె పంపు నడవదు, లోపలివన్నీ నూనె ఒత్తిడి లేకుండా తిరుగుతాయి. ఈ కారును లాగాలంటే ముందు చక్రాలు నేలను తాకకూడదు. తాడు వద్దని, డిక్కీలోని కేబుళ్లతో ఆ ట్రాక్టరు బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుని స్టార్ట్ చేశాం. ఆ కేబుళ్లు ఆరువందలకు కొన్నవి. పాత ఆటోమేటిక్ ఉన్నవారి డిక్కీలో అవి తప్పక ఉండాలి.

ఖర్చుల్లో టైర్లు, రెండు బ్యాటరీలు, బ్రేకు ప్యాడ్లు ఏ కారుకైనా ఉండేవే. వయసుతో వచ్చినవి రెండు: 86 వేల దగ్గర ఇంజను మౌంట్లు (ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), లక్ష దాటాక ముందు సస్పెన్షన్ బుష్‌లు. మౌంట్లు అరిగినప్పుడు డి లో ఆగి ఉంటే స్టీరింగ్ అదిరింది. గేర్‌బాక్సు పోయిందేమోనని ఒక రాత్రి నిద్ర పట్టలేదు. న్యూట్రల్‌లో అదురు తగ్గి, డి లో నిలిపినప్పుడే వస్తే ముందు మౌంట్లు చూడమని మెకానిక్ అన్న చెప్పాడు. అదే నిజమైంది.

కొనేటప్పుడు పక్కన పెట్టిన అరవై వేలలో మొదటి ఏడాది ఖర్చయింది పద్దెనిమిది వేలు. ఆ డబ్బు పక్కన పెట్టలేని పరిస్థితి అయితే, నా మట్టుకు నేను, పాత ఆటోమేటిక్ జోలికి వెళ్లేదాన్ని కాదు. గేర్‌బాక్సు నూనె చరిత్ర కాగితం మీద లేని కారును ఎంత చవకగా ఇచ్చినా, ఎంత తక్కువ తిరిగినా, ఆ నూనె విప్పి చూడనిస్తే తప్ప ఈసారి కొనను. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు, కొన్నాక చూశాను. నా అదృష్టం బాగుంది.

గత నెల మా సహోద్యోగి ఒకరు తన కూతురి కోసం ఈ కారు అడిగారు. ఇంకా అమ్మాలని లేదు, మోకాలు అలాగే ఉంది, కారూ బాగానే ఉంది. తర్వాతి నూనె మార్పు 1,22,000 దగ్గర, మార్చి పరీక్షలు అయ్యాక. ఆ రోజు వచ్చి బోల్టు మీది ముద్దను స్వయంగా నలిపి చూసుకోమని చెప్పాను.