ఎరుపు కాంతి చికిత్స: కంటి పరికరమా, ఒంటి పానెలా, ఏది మేలు?

ఎరుపు కాంతి చికిత్స ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: చూపు కోసం విడిగా అమ్మే చిన్న పరికరం కొనాలా, లేక చర్మానికీ నొప్పులకూ వాడే పానెల్‌నే (వరుసగా ఎర్ర దీపాలు అమర్చిన పలక) కంటికీ వాడుకోవచ్చా? రెంటి రంగూ ఎరుపే అయినా కంటిలోకి చేరే కాంతి మోతాదు ఒకటి కాదు. ఏది మేలో తేల్చేది ఆ మోతాదేనని నా అభిప్రాయం.

పెద్దల చూపు విషయంలో తరచూ ఉదహరించేది యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో గ్లెన్ జెఫ్రీ బృందం చేసిన ప్రయోగాలనే. 670 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవును చెప్పే కొలత; ఇది ముదురు ఎరుపు) కాంతిని ఉదయం పూట ఒక్కసారి 3 నిమిషాలు చూసినవారిలో రంగుల తేడాను పసిగట్టే శక్తి సగటున 17 శాతం పెరిగిందనీ, మధ్యాహ్నం చూస్తే ఆ ఫలితం కనిపించలేదనీ ఆ బృందం 2021లో ప్రకటించింది. వయసుతో పాటు రెటీనా (కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర) కణాల్లో మందగించే మైటోకాండ్రియాకు (కణానికి శక్తినిచ్చే భాగాలు) ఈ కాంతి ఊతమిస్తుందన్నది వారి వివరణ. ఆసక్తికరమైన ఫలితమే, కానీ పాల్గొన్నది 20 మంది. పైగా వారు కొలిచింది రంగుల తేడాను గుర్తించే శక్తినే గాని కళ్లజోడు నంబరును కాదు. చత్వారం, శుక్లం కంటి కటకానికి సంబంధించినవి కాబట్టి అవి తగ్గుతాయని ఆశించి ఈ పరికరం కొనడం డబ్బు దండగ.

ఎండు రకం మాక్యులా క్షీణతకు (వయసుతో రెటీనా మధ్య భాగం దెబ్బతినే జబ్బు) మూడు తరంగదైర్ఘ్యాలతో ఆసుపత్రిలో చేసే చికిత్సకు అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ఎఫ్‌డీఏ 2024లో అనుమతినిచ్చింది. అది వైద్యుల చేతిలో ఉండే యంత్రం కనుక ఈ పోలికలోకి రాదు.

ఇక పానెల్. జుట్టు పలచబడటానికీ, క్యాన్సర్ చికిత్సలో నోటిలో వచ్చే పుండ్లకూ ఈ రకం కాంతి పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయి. మిగతా ప్రచారంలో చాలా భాగం ఆశే. పానెళ్లలో సాధారణంగా 660, 850 నానోమీటర్ల దీపాలు కలిసి ఉంటాయి. రెండో రకం కాంతి కంటికి దాదాపు కనిపించదు కాబట్టి సగం దీపాలు వెలగడం లేదని పొరబడి ముఖం దగ్గరగా పెట్టి పరిశీలించేవారున్నారు. కనిపించని కాంతికి కనుపాప కుంచించుకోదు, రెప్ప వాలదు, రెటీనాకు నొప్పి తెలియదు. అందుచేత పానెల్‌ను కంటికి వాడనే వాడకూడదు, ఒంటికి వాడేటప్పుడు కూడా కళ్లకు రక్షణ అద్దాలు ఉండాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా తూచవలసింది పిల్లల హ్రస్వదృష్టికి (దూరపువి మసకగా కనిపించే లోపం) వాడే పరికరం. కనుగుడ్డు పొడవుగా సాగేకొద్దీ ఈ లోపం పెరుగుతుంది. చైనాలో 264 మంది పిల్లలపై జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, 650 నానోమీటర్ల కాంతిని రోజుకు రెండుసార్లు మూడేసి నిమిషాలు చూసినవారికి ఏడాదిలో కనుగుడ్డు 0.13 మిల్లీమీటర్లు సాగగా, అద్దాలు మాత్రమే పెట్టుకున్నవారికి 0.38 సాగింది. ఇంత తేడాను తీసిపారేయలేము. కానీ ఇవి చాలావరకు లేజర్ పరికరాలు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు పరికరాలను కొలిచి చూస్తే, మూడు నిమిషాల వాడకంలోనే రెటీనాకు చేరే కాంతి భద్రతా పరిమితిని తాకుతోందని, కొన్ని లెక్కల్లో దాటుతోందని తేలింది. నెలల తరబడి వాడిన పన్నెండేళ్ల బాలికకు రెండు కళ్లలోనూ రెటీనా దెబ్బతిన్న ఉదంతం 2023లో వైద్య పత్రికకెక్కింది. ఆ తర్వాత చైనాయే ఈ పరికరాలను అత్యంత కఠిన నియంత్రణ ఉండే మూడో తరగతిలో చేర్చింది. వాడకం ఆపితే కనుగుడ్డు సాగడం మళ్లీ వేగం పుంజుకోవడం మరో చిక్కు.

కాబట్టి పిల్లల విషయంలో నా మొగ్గు పగటి వెలుతురు వైపే. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి రాగా, గడపనివారిలో 39.5 శాతం మందికి వచ్చింది. అయితే ఇది రాకుండా అడ్డుకోవడానికి పనికొచ్చినంతగా, వచ్చినదాన్ని నెమ్మదింపజేయడానికి పనికిరాదు. నంబరు ఇప్పటికే పెరుగుతున్న పిల్లలకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేక కటకాలు ముందు ప్రయత్నించవలసినవి.

ఇప్పటికే ఎరుపు కాంతి పరికరం వాడుతున్న పిల్లలుంటే, దీపం ఆపాక కళ్లముందు మిగిలే మచ్చ ఎంతసేపటికి చెరిగిపోతోందో ప్రతిసారీ అడగాలి. అది కొన్ని నిమిషాలు దాటినా పోకుంటే పరికరాన్ని ఆ రోజే పక్కన పెట్టి, కంటి వైద్యుడి దగ్గర రెటీనాకు ఓసీటీ స్కాన్ (కాంతితో రెటీనా పొరలను చూపే పరీక్ష) చేయించాలి.