సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే డబ్బా కొనబోతున్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి

జాగ్రత్త. తూపిలిపాలెం బీచ్‌లో టెంటు వేసుకుందామనో, పులికాట్‌లో చిన్న పడవ మీద రోజంతా తిరుగుదామనో తిరుపతి, చిత్తూరు వైపు నుంచి బయల్దేరేవాళ్లను పట్టుకునే ప్రకటన ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. చేతిలో ఇమిడే డబ్బా, దానికో సన్నటి గొట్టం. గొట్టాన్ని సముద్రంలో వేసి మీట నొక్కితే గ్లాసులోకి మంచినీళ్లు వచ్చేస్తాయట. ధర ఐదు వేల నుంచి పన్నెండు వేల దాకా చెబుతున్నారు. ఆ డబ్బా ఉప్పు తీయదు. బురదను ఆపుతుంది, వాసన కొంత తగ్గిస్తుంది, బ్యాక్టీరియాను ఆపుతుంది. ఉప్పు మాత్రం ఎంత పోస్తే అంతా అవతలికి వచ్చేస్తుంది.

విప్పి చూస్తే లోపల ఉండేది సేమ్యా లాంటి బోలు గొట్టాల కట్ట ఒకటి, కొబ్బరి చిప్పల బొగ్గు పిడికెడు, ఫోన్ ఛార్జర్‌తో నడిచే చిన్న మోటారు. ఆ గొట్టాల గోడల్లో రంధ్రాలు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), బాగా సన్నటివైతే 0.01 మైక్రాన్. నీళ్లలో కరిగిన ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి ఉంటుంది. వాటి సైజు 0.001 మైక్రాన్‌కు కూడా లోపే. రాళ్లు జల్లించే జల్లెడలో పిండి ఆగదు కదా, ఇదీ అంతే. బొగ్గు క్లోరిన్‌ను, వాసననూ పట్టుకుంటుంది, ఉప్పును పట్టుకోదు. కొన్నింట్లో నీలం రంగు యూవీ లైటు కూడా పెడతారు. అది క్రిములకు. ఉప్పుకు దానితో సంబంధమే లేదు.

చదువుకున్నవాళ్లు కూడా ఇందులో ఎందుకు పడుతున్నారంటే, మన ఇళ్లల్లోని ఆర్వో వల్ల. మన వైపు బోరు నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 1,200, 1,500 ఉన్నా వంటింటి గోడకున్న మిషను వందలోపుకు దించేస్తుంది. ఇంట్లో డబ్బా చేసే పనే కదా, ఇంకాస్త ఉప్పెక్కువైతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. తేడా ‘ఇంకాస్త’ కాదు. సముద్రపు నీళ్లు లీటరుకు 35 గ్రాముల ఉప్పు, అంటే 35,000 పీపీఎమ్ (లీటరుకు మిల్లీగ్రాములు, టీడీఎస్ అంకె చెప్పేదీ ఇందులోనే). తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం 500. వేరే దారి లేనిచోట 2,000 వరకు ఒప్పుకుంటారు.

ఉప్పు నీళ్లు, మంచినీళ్లు మధ్యలో ఆర్వో పొర పెడితే నీళ్లు తమంతట తాము మంచి వైపు నుంచి ఉప్పు వైపుకే వెళ్తాయి. ఆ లాగుడును ఎదిరించి వెనక్కు నెట్టాలంటే ఒత్తిడి కావాలి. లెక్క సులువు: ప్రతి వెయ్యి పీపీఎమ్‌కు సుమారు 0.75 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత). 1,500 టీడీఎస్ బోరు నీళ్లకు ఒక బార్‌కు కాస్త పైన. ఇంటి ఆర్వో పంపు 5 నుంచి 7 బార్ ఇస్తుంది కాబట్టి హాయిగా పని చేస్తుంది. సముద్రపు నీళ్ల లాగుడే 27 బార్ దాకా ఉంటుంది. 7 బార్ పంపు పెడితే చుక్క రాదు. తగినంత వేగంతో నీళ్లు రావాలంటే 55 నుంచి 65 బార్ కావాలి. కారు టైరులో మనం కొట్టించే గాలి 2 బార్ చిల్లర. ఇక చేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా 55 బార్ ఎలా మోస్తుందో మీరే చూసుకోండి.

మోసాన్ని ఫొటోలోనే పట్టేయవచ్చు. నీళ్లు పోయే గొట్టం తెల్లటి పావు అంగుళం ప్లాస్టిక్ పైపు అయి, వేలితో నెడితే బిగుసుకునే ప్లాస్టిక్ జాయింట్లు ఉంటే అది ఇంటి ఆర్వో సరుకే. నిజంగా సముద్రపు ఉప్పు తీసే పంపుకైతే స్టెయిన్‌లెస్ స్టీలు లేదా మందపాటి ఇంజినీరింగ్ ప్లాస్టిక్ ఒళ్లు, హై ప్రెషర్ గొట్టం, వీటితోపాటు ఉప్పెక్కిన నీళ్లు బయటికి పోవడానికి వేరే దారి తప్పకుండా ఉంటాయి. ఈ మూడోది గట్టిగా చూడండి. లోపలికి ఒక గొట్టం, బయటికి ఒకే గొట్టం ఉంటే తీసిన ఉప్పు ఎక్కడికి పోతున్నట్టు? చేత్తో కొట్టే అసలు పంపుల్లో లోపలికి వెళ్లిన నీళ్లలో పదోవంతు కూడా మంచినీళ్లుగా రావు. మిగతాదంతా ఉప్పు మోసుకుని తిరిగి సముద్రంలోకే పోతుంది.

రెండో గుర్తు కరెంటు లెక్క. ‘యూఎస్‌బీతో గంటకు 30 లీటర్లు’ అని రాసి ఉంటే అక్కడితో వదిలేయండి. పులికాట్‌కు దక్షిణంగా మింజూరు దగ్గర 2010లో మొదలైన ప్లాంటు చెన్నైకి రోజుకు 10 కోట్ల లీటర్లు ఇవ్వగలిగేంత పెద్దది. అలాంటి పెద్ద ప్లాంట్లకే వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లు కాలుతుంది, అంటే లీటరుకు 3, 4 వాట్-అవర్లు. 5 ఓల్టుల, 2 ఆంపియర్ల ఛార్జర్ ఇచ్చేది 10 వాట్లు. అంత పెద్ద ప్లాంటు నేర్పును ఈ డబ్బాలో పెట్టగలిగినా గంటకు మూడు లీటర్ల చిల్లర దాటదు. 30 లీటర్లు వస్తున్నాయంటే వచ్చేవి ఉప్పు నీళ్లే.

మరి వీడియోల్లో మీటరు పెట్టి చూపిస్తున్నారే అంటారా. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

పెన్ను లాంటి చవక టీడీఎస్ మీటర్లు చాలావరకు 999 దాటగానే అంకెను పదోవంతుకు తగ్గించి చూపిస్తాయి. పక్కన చిన్నగా ‘ఎక్స్ 10’ అనే గుర్తు మిణుకుతుంది. తెర మీద 350 ఉంటుంది, నిజంగా ఉన్నది 3,500. కెమెరాకు ఆ గుర్తు కనిపించకుండా పట్టుకుంటే అయిపోయింది. 9,990 దాటితే ఈ మీటర్లు తప్పు చూపిస్తాయి, కాబట్టి సముద్రపు నీళ్లను నేరుగా కొలవలేవు. కొలవాలంటే ఒక గ్లాసు సముద్రపు నీళ్లకు తొమ్మిది గ్లాసుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను (‘ఎక్స్ 10’ గుర్తు ఉంటే దాన్నీ లెక్కేశాక) మళ్లీ పదితో హెచ్చించాలి.

ఇంకో పద్ధతి, చెంచాడు ఉప్పు లీటరు నీళ్లలో కలిపి ‘సముద్రపు నీళ్లు’ అనడం. చెంచా సుమారు 6 గ్రాములు. సముద్రంలో ఉండేది అలాంటివి ఆరు చెంచాలు.

అన్నింటికన్నా నమ్మించేది రెజిన్. అయాన్లను మార్చే ఆ గుళికలు ఉప్పును నిజంగానే లాగేస్తాయి, మొదటి గ్లాసులో మీటరు సున్నా చూపిస్తుంది. కానీ వాటి సామర్థ్యం ఎంతంటే, ఒక లీటరు గుళికలు ఇంచుమించు ఒక లీటరు సముద్రపు నీళ్లను బాగుచేసి చతికిలబడతాయి. డబ్బాలో ఉండేది పావు లీటరు. ఒక గ్లాసు అద్భుతంగా వస్తుంది, రెండో గ్లాసు ఉప్పే. కొన్నవాళ్ల రివ్యూలన్నీ ‘మొదట బాగా పనిచేసింది, తర్వాత పాడైంది’ అన్నట్టు ఉంటే కారణం ఇదే. పాడవలేదు, అయిపోయింది. ఇంకొందరు ముందే లోపల మంచినీళ్లు నింపి పెట్టి, మొదట వచ్చే అర లీటరు అవే చూపిస్తారు. అందుకే ఏ పరికరమైనా సరే, మొదటి పది నిమిషాల నీళ్లు పారబోసి ఆ తర్వాతవే కొలవండి.

‘సముద్రం నుంచి జీరో టీడీఎస్’ అన్నా అనుమానించాల్సిందే. నిజమైన చేతి పంపు 98.4 శాతం ఉప్పు తీస్తుందనుకుందాం. 35,000లో మిగిలేది 560. పొర కాస్త పాతదై 97 శాతానికి దిగితే 1,050. నిజాయితీగా అమ్మేవాళ్లు ఈ అంకెల్లోనే మాట్లాడతారు.

అసలువి ఎలా ఉంటాయో తెలిస్తే పోల్చుకోవడం సులువు. లైఫ్ బోట్లలో పెట్టుకునే కాటడిన్ కంపెనీ చేతి పంపు సర్వైవర్ 06 బరువు 1.1 కిలో చిల్లర. నిమిషానికి 40 సార్లు మీట కొడితే గంటకు లీటరు కూడా రాదు, 0.9 లీటరు దాకా వస్తుంది. దాని పెద్దన్న సర్వైవర్ 35 మూడు కిలోల పైన, గంటకు 4.5 లీటర్లు. 12 ఓల్టుల బ్యాటరీతో నడిచే 40ఈ రకం 4 ఆంపియర్లు తీసుకుని గంటకు 5.7 లీటర్లు ఇస్తుంది. 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీని సగం దాకా వాడితే 28 లీటర్లు. ఈ రకం వస్తువుల్లో చిన్నదానికే లక్షకు అటూ ఇటూ అవుతుంది, దిగుమతి సుంకం వేరే. పదివేలకు ఇంతకన్నా ఎక్కువ నీళ్లిచ్చేది ఎవరూ అమ్మలేరు. ఒత్తిడి లేకుండా కరెంటుతో ఉప్పు తీసే సూట్‌కేసు ఒకటి 2022లో ఎంఐటీ పరిశోధకులు చేసి చూపించారు, నిజమే. అది కూడా గంటకు 0.3 లీటరే ఇచ్చింది.

నిజమైనది కొన్నవాళ్లు కూడా పాడుచేసుకునే తీరు ఒకటుంది. ఆర్వో పొరకు క్లోరిన్ పడదు. ఇంటికొచ్చాక కుళాయి నీళ్లతో కడిగితే ఆ క్లోరిన్‌కే పొర చివికిపోతుంది, బొగ్గు ఫిల్టరులో పోసిన నీళ్లతోనే కడగాలి. పడవ ఇంజను పక్కన తేలే డీజిల్ తెట్టు ఒక్కసారి లోపలికి వెళ్లినా పొర పోయినట్టే. వారానికి మించి వాడకుండా ఉంచితే లోపల జీవాలు పెరిగి కుళ్లు వాసన వస్తుంది, అందుకే కంపెనీ చెప్పిన నిల్వ మందు ఎక్కించి పెట్టాలి. పొర ఎండిపోకూడదు, 45 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో తిరుపతిలో ఎండకు నిలిపి ఉంచిన కారు డిక్కీలో పెడితే అది పాడైపోవచ్చు.

పులికాట్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. మనవాళ్లు ప్రళయకావేరి అని పిలుచుకునే ఆ సరస్సు నీళ్లు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. వానలు పడి కాళంగి నది పారేటప్పుడు ఉప్పు బాగా తగ్గిపోతుంది, ఎండలు ముదిరితే సముద్రాన్ని కూడా మించిపోతుంది. నవంబరులో ఇంటి ఆర్వో లాంటి చవక పరికరం అక్కడ పని చేసినట్టు కనిపించి, ఏప్రిల్‌లో చేతులెత్తేయడానికి కారణం అదే. పైగా లోతు తక్కువ, అడుగున బురద. ఎంత మంచి పంపైనా ముందు దళసరి బట్టలో వడకట్టకపోతే ప్రీ-ఫిల్టరు నిమిషాల్లో మూసుకుపోతుంది.

తలకోన, కైలాసకోన, ఉబ్బలమడుగు జలపాతాల వైపు వెళ్లేవాళ్లకు ఉప్పు గొడవే లేదు, అవి మంచినీళ్లే. అక్కడికి 0.1 మైక్రాన్ ఫిల్టరు, దానితోపాటు క్లోరిన్ మాత్రలు చాలు. ఆ ఫిల్టరు వైరస్‌లను ఆపదు, మాత్ర ఆపుతుంది. ఉప్పు తీస్తుందని అబద్ధం చెప్పి అమ్మే డబ్బా నిజానికి ఇక్కడికే పనికొచ్చేది. అయితే అదే పని చేసేది మామూలు ధరకు దొరుకుతుంది.

నీళ్లు కాచి ఆవిరి పట్టడం పని చేస్తుంది గానీ గ్యాసు లెక్క చూసుకోండి. లీటరు నీళ్లను ఆవిరి చేయడానికి, పొయ్యి వేడిలో సగం వృథా అనుకుంటే, సుమారు 110 గ్రాముల గ్యాసు. క్యాంపింగ్ పొయ్యికి వాడే 230 గ్రాముల డబ్బాతో రెండు లీటర్లు, 5 కిలోల సిలిండరుతో 45. కుక్కరుకు రాగి గొట్టం పెట్టి చేసేవాళ్లు స్టీలు కుక్కరే వాడాలి, అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది. సగానికి మించి నింపకండి. ఎగిరిన ఉప్పు నీళ్లు గొట్టంలో గడ్డకట్టి మూసుకుపోతే ప్రమాదం, సేఫ్టీ వాల్వును ఎట్టి పరిస్థితుల్లో మూయకండి.

నలుగురు రెండు రోజులకు బీచ్‌కు వెళ్తుంటే తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన 32 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు రెండు బండిలో వేసుకుంటే మిగులుతాయి కూడా. చిన్న పడవలోనైనా ఇదే ముందు. పంపు ఉన్నా సరే, అది ఆగిపోయినా ఒడ్డు చేరేదాకా సరిపోయే నీళ్లు క్యాన్లలో ఉండాలి. పనిచేయని డబ్బాను నమ్మి క్యాన్లు ఇంట్లో వదిలి వెళ్లడమే దీనిలో అసలు ప్రమాదం. 3,500 పీపీఎమ్ నీళ్లు నాలుకకు కాస్త ఉప్పగానే ఉంటాయి, దాహంలో తాగేస్తాం. పిల్లలకు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లకు అది చాలా చెడ్డది.

ఇప్పటికే కొన్నవాళ్లు వాపసు గడువు పోకముందే ఇంట్లో పరీక్ష చేయండి. బకెట్టులో 10 లీటర్ల ఆర్వో నీళ్లు, తూకం వేసి 350 గ్రాముల ఉప్పు, బాగా కరిగేదాకా కలిపి పలుచటి బట్టలో వడకట్టండి. పరికరం నుంచి వచ్చే నీళ్లన్నీ తిరిగి అదే బకెట్టులో పడనివ్వండి, అప్పుడు ఉప్పు శాతం మారదు. పది నిమిషాలు నడిపాక గ్లాసు పట్టి కొలవండి, అంకె మీటరుకు అందకపోతే పైన చెప్పినట్టు డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలవండి. ఉప్పు తూకం నుంచి మీటరు తెర దాకా వీడియో ఒకే ముక్కగా, కట్ లేకుండా తీయండి. తెర మీది ‘ఎక్స్ 10’ గుర్తు స్పష్టంగా పడాలి. ఆర్డరు రసీదును, ‘సముద్రపు నీళ్లు’ అని రాసి ఉన్న ప్రకటన స్క్రీన్‌షాట్‌ను వెంటనే దాచుకోండి, ఆ పేజీలు మాయమవుతుంటాయి. వాపసు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. డబ్బు కట్టాక సరుకే రాకపోతే, అమ్మినవాళ్ల నంబరు ఆగిపోతే, అది సైబర్ మోసం. ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.