డెలిగేటా, క్లోజరా? డేటా వెనక్కి తేవడానికి ఏది మేలు?

రుషికొండలో ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చిన జూనియర్లు నన్ను అడిగేది చాలాసార్లు ఇదే: "అన్నా, ఐఓఎస్‌లో డెలిగేట్ వాడాలా, క్లోజర్ వాడాలా?" రెండో స్క్రీన్ తన కబురు ఎవరికి చెప్పాలో ఆ మొదటి స్క్రీన్ డెలిగేట్. పని అయ్యాక నడపమని రెండో స్క్రీన్ చేతికిచ్చే కోడ్ ముక్క క్లోజర్. మొదటి స్క్రీన్ నుంచి రెండోదానికి ముందుకు పంపే డేటాతో ఎవరికీ పేచీ లేదు. రెండో స్క్రీన్ ప్రాపర్టీలో, అంటే అది తనలో విలువ దాచుకునే చోట, విలువ పెట్టి తెరిచేస్తాం. చిక్కంతా వెనక్కి తేవడంలోనే.

ఒక డెలివరీ యాప్ అనుకుందాం. చెకౌట్‌లో "ఏరియా మార్చు" నొక్కితే ఏరియాల జాబితా తెరుచుకుంటుంది. యూజర్ ఎంవీపీ కాలనీ తీసేసి మధురవాడ పెట్టాడు. ఆ సంగతి చెకౌట్‌కు చేరాలి, డెలివరీ చార్జీ మారాలి.

క్లోజర్‌తో ఇది చిటికెలో అయిపోతుంది. జాబితా స్క్రీన్‌లో ఆన్‌సెలెక్ట్ అని ఒక ప్రాపర్టీ, చెకౌట్‌లో ఆ స్క్రీన్ తెరిచే చోటే నాలుగు లైన్లు. ఏరియా ఎంచుకున్నాక ఏం జరుగుతుందో అక్కడే కనిపిస్తుంది, వెతుక్కోనక్కర్లేదు. డెలిగేట్‌కైతే ప్రోటోకాల్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) రాయాలి, వీక్ ప్రాపర్టీ (చూపిస్తుందే తప్ప మెమరీలో పట్టి ఉంచనిది) పెట్టాలి, చెకౌట్‌లో మెథడ్ (పని చేసే కోడ్) రాయాలి, డెలిగేట్‌కు సెల్ఫ్, అంటే చెకౌట్ తనను తాను, ఇవ్వడం మర్చిపోకూడదు. మర్చిపోతే ఎర్రర్ కూడా రాదు, ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. క్లోజర్ ఆప్షనల్ (ఖాళీగా వదిలేయగలిగేది) అయితే దాని గతీ అంతేలెండి.

ఇంత చాకిరీ ఉన్నా నా ఓటు డెలిగేట్‌కే. నా దృష్టిలో తేల్చేది కోడ్ పొడవు కాదు, వీక్ అని రాసే బాధ్యత ఎవరిదన్నది. డెలిగేట్‌లో ఆ మాట ఒక్కసారే, జాబితా స్క్రీన్ రాసినవాడే రాస్తాడు. ప్రోటోకాల్‌ను ఎనీఆబ్జెక్ట్‌కు (క్లాసులకు మాత్రమే అనే షరతుకు) కట్టకపోతే ఆ వీక్‌ను కంపైలరే ఒప్పుకోదు. ఆ తర్వాత ఆ స్క్రీన్‌ను చెకౌట్ వాడినా, ప్రొఫైల్ వాడినా వాళ్లకు ఆ టెన్షన్ లేదు. క్లోజర్‌లో అలా కాదు. తెరిచిన ప్రతివాడూ తన క్లోజర్ మొదట్లో వీక్ సెల్ఫ్ గుర్తుపెట్టుకుని రాయాలి. నలుగురున్న టీమ్‌లో ఎవరో ఒకరు రాయరు.

ఇక్కడ ఇంటర్వ్యూల్లో వల్లించే సమాధానం ఒకటుంది: "వీక్ సెల్ఫ్ లేకపోతే మెమరీ లీక్ అవుతుంది." అంటే మూసేసిన స్క్రీన్ మెమరీలోనే ఉండిపోతుందని. ప్రతిసారీ అవదు. జాబితా స్క్రీన్ క్లోజర్‌ను పట్టుకుంటుంది, క్లోజర్ చెకౌట్‌ను పట్టుకుంటుంది. చెకౌట్ కూడా జాబితా స్క్రీన్‌ను తన ప్రాపర్టీలో దాచుకుంటేనే గొలుసు మూసుకుంటుంది. అప్పటికప్పుడు తెరిచి మూసేసే స్క్రీన్ అయితే, అది పోగానే క్లోజరూ పోతుంది. ఇది వివరించగలిగినవాడికి నేనైతే ఆ ప్రశ్నకు పూర్తి మార్కులేస్తాను. అయితే ఇవాళ దాచుకోని స్క్రీన్‌ను రేపు ఎవరో ప్రాపర్టీలో పెడతారు. అప్పుడు పాత క్లోజర్లన్నీ వెతికి చూసే ఓపిక ఎవరికుంటుంది?

రెండో స్క్రీన్ చెప్పాల్సినవి పెరిగినప్పుడు కూడా డెలిగేటే నిలబడుతుంది. ఏరియా ఎంచుకున్నాడు, క్యాన్సిల్ కొట్టాడు, కొత్త అడ్రస్ కలపమన్నాడు: మూడు క్లోజర్లు పెడితే తెరిచే చోట కోడ్ చాంతాడంత అవుతుంది. ప్రోటోకాల్‌లో అవి మూడు మెథడ్లు, ఒక్కటి వదిలేసినా కంపైలర్ ఊరుకోదు. యాపిల్ కూడా 2020లో ఐఓఎస్ 14తో కొత్త ఫొటో పికర్ తెచ్చినప్పుడు ఎంచుకున్న ఫొటోలను డెలిగేట్ ద్వారానే ఇచ్చింది. అలర్ట్‌లోని ఒక్కో బటన్‌కు మాత్రం క్లోజరే. ఒక్క జవాబుతో పని ముగిసే చోట నేనూ క్లోజరే రాస్తాను, దానికి ప్రోటోకాల్ దండగ.

యాప్‌లో ఎవరైనా వినేలా కబురు వేసే నోటిఫికేషన్ సెంటర్ అనేదీ ఉంది. అది విశాఖ కాంప్లెక్స్ బస్‌స్టాండ్‌లో మైకు అనౌన్స్‌మెంట్ లాంటిది, ఎవరు విన్నారో చెప్పినవాడికి తెలియదు. లాగౌట్ లాంటి యాప్ అంతటికీ చెప్పే కబురుకు సరే, రెండు స్క్రీన్ల మధ్య మాటకు వద్దు. విలువలు మారినప్పుడల్లా కబురు అందించే యాపిల్ ఫ్రేమ్‌వర్క్ కంబైన్ ఇప్పటికే ప్రాజెక్టులో ఉంటే వాడండి, దీనికోసమే తేనక్కర్లేదు. స్క్రీన్లు రాసే మరో యాపిల్ పద్ధతి స్విఫ్ట్‌యూఐలో రెండు స్క్రీన్లూ ఒకే విలువను పంచుకునే బైండింగ్ ఉంది కాబట్టి ఈ గొడవే చాలావరకు రాదు.

ఏది రాసినా రెండు స్క్రీన్ల డీఇనిట్‌లోనూ (స్క్రీన్ మెమరీ నుంచి పోయేటప్పుడు నడిచే కోడ్) ఒక్కో ప్రింట్ పెట్టండి. ఏరియా మార్చి, చెకౌట్ నుంచి కూడా వెనక్కి వచ్చేశాక కన్సోల్‌లో రెండు లైన్లూ పడాలి. పడకపోతే ముందు క్లోజర్లను చూడండి.